అతిథి ఉద్యోగం

మొరాకో వెళ్ళేముందు మాకిచ్చిన టూరు కాగితాల్లో "అసలు సిసలైన బెర్బర్ ఎడారి అనుభవం" అని ఒక వరస ఉంది. దాని కిందే చిన్న అక్షరాల్లో "రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం కలిపి" అని ఉంది. వేల ఏళ్ళనాటి సంస్కృతిని సాయంత్రం మొదలుపెట్టి మర్నాడు పొద్దున్నకల్లా పూర్తి చేయించి, మధ్యలో రెండు పూటలా తిండి కూడా పెడతామంటే ఎవరికి చేదు? మావారు వెంటనే డబ్బు కట్టేశారు. మా వదిన, అంటే మావారి అక్కగారు, బందరు నుంచి ఫోన్ చేసి "ఒరే తమ్ముడూ, ఇసక చూడ్డానికి అంత దూరం ఎందుకురా, కృష్ణలో కావలసినంత లేదూ?" అని కేకలేసింది. మర్నాడు తన పాస్‌పోర్టు కాపీ పంపించింది.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. వాళ్ళను బెర్బర్లని పిలిచేది బయటివాళ్ళు. వాళ్ళు తమని అమాజిగ్ అనుకుంటారు. అరబ్బులు రాకముందు నుంచీ ఉత్తరాఫ్రికాలో ఉన్న జనం. వాళ్ళ భాషకు మొరాకో 2011 రాజ్యాంగంలో, అల్జీరియా 2016లో అధికార హోదా ఇచ్చాయి. లిపి పేరు తిఫినాగ్. వలయాలు, గీతలు, చుక్కలతో ఉంటుంది. సర్కారు కార్యాలయాల బోర్డుల మీద అరబ్బీ పక్కన అదీ కనిపిస్తుంది. వదిన దారిపొడుగునా ఆ బోర్డులు పరీక్షించి, "గుణింతాలు లేవర్రా, ఇక్కడి పిల్లలు బతికిపోయారు" అని తీర్పిచ్చింది. వాళ్ళ సంవత్సరాల లెక్క క్రీస్తుపూర్వం 950 నుంచి మొదలవుతుంది. ఆ లెక్కన 2974వ ఏడాది, అంటే మన 2024 జనవరి 14న, మొరాకోలో అమాజిగ్ ఉగాదికి మొదటిసారి జాతీయ సెలవు దక్కింది. ఇది విని మావారు ఆ పంచాంగం ప్రకారం తన రిటైర్మెంటు ఎప్పుడో లెక్క కట్టబోయారు. వదిన మాత్రం ఏ పంచాంగం తీసినా తన వయసు 58 దగ్గరే ఆగుతుందని స్పష్టం చేసింది.

మర్రకేష్ నుంచి సహారా అంచున ఉన్న మెర్జూగా ఊరు 550 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో అట్లాస్ పర్వతాలను టిజి ఎన్ టిష్కా కనుమ దగ్గర, 2,260 మీటర్ల ఎత్తున, దాటాలి. ఆ మలుపుల్లో వదిన తనకు తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పలకరించింది. దిగువన అయిత్ బెన్ హద్దూ అనే మట్టికోట. 1987లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. హాలీవుడ్ వాళ్ళకు రోము కావాలన్నా, అరేబియా కావాలన్నా ఇక్కడికే వస్తారు. పక్క ఊరు వర్జాజాత్‌లో ఏకంగా స్టూడియోలే ఉన్నాయి. "ఇంతకీ ఏది కోట, ఏది సెట్టింగు?" అని వదిన అడిగింది. "పాతబడిపోయి కనిపించేది సెట్టింగు, మరమ్మతు చేసి కనిపించేది కోట" అన్నాడు గైడు.

ఎర్ఫూద్ దగ్గర మరో వింత. అక్కడి రాళ్ళ నిండా 35 కోట్ల ఏళ్ళకు పైబడిన సముద్ర జీవుల శిలాజాలు. ఎడారి ఒకప్పుడు సముద్రమట. ఆ రాళ్ళను కోసి, నునుపు చేసి బల్లలు, చేతులు కడుక్కునే తొట్లు తయారుచేసి అమ్ముతారు. అసలైన వాటి పక్కనే నిన్న మొన్న పోతపోసిన ట్రైలోబైట్లు కూడా అదే గాంభీర్యంతో కూర్చుని ఉంటాయి. బందరు మనిషి కదా, వదిన ఒకదాన్ని ఎత్తి, తిప్పి, గోటితో గీరి చూసింది. "సముద్రం వెళ్ళిపోయి అన్ని కోట్ల ఏళ్ళయినా బేరం మాత్రం నిలిచింది" అని కింద పెట్టేసింది. దుకాణదారు మొహం చూస్తే అది ఏ కోవకు చెందిందో తెలిసిపోయింది.

రిసానీ ఊరి పక్కన సిజిల్మాసా శిథిలాలున్నాయి. ఒకప్పుడు సహారా దాటివచ్చిన బంగారం, ఉప్పు, బానిసలు చేతులు మారిన నగరం. ఇప్పుడు మొండిగోడలు. గైడు అక్కడ నిలబడి ఇబ్న్ బతూతా కథ ఎత్తుకున్నాడు. 1304లో టాంజియర్‌లో పుట్టిన ఆ యాత్రికుడు లవాతా అనే బెర్బర్ తెగవాడు. తిరిగి తిరిగి ఢిల్లీ చేరి, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీ ఉద్యోగం చేశాడు. చైనా కూడా చూసొచ్చాడు. మాలి ప్రయాణానికి ముందు సిజిల్మాసాలో ఒకరింట దిగితే, ఆ ఇంటాయన సోదరుణ్ణి తాను అంతకుముందు చైనాలో కలిసినట్టు తేలింది. పరాయిదేశంలో ఎదురైన మనిషి మన పిన్నత్తగారి తోడికోడలికి అన్నగా తేలడం తెలుగువాళ్ళ సొంత విద్య అనుకున్నానిన్నాళ్ళూ. ఏడువందల ఏళ్ళ కిందటే బెర్బర్లు దాన్ని అభ్యాసం చేశారు.

తుగ్లక్ పేరు వినపడగానే మావారిలోని చరిత్ర విద్యార్థి లేచాడు. "అక్కా, ఈ తుగ్లకే గద్దె ఎక్కకముందు ఉలుగ్ ఖాన్ పేరుతో 1323లో ఓరుగల్లు మీద పడ్డాడు. ప్రతాపరుద్రుణ్ణి బందీగా పట్టుకుపోయాడు" అన్నారు. వదిన ఒక్క నిమిషం ఆలోచించింది. "అయితే ఆ ఖాజీగారికిచ్చిన జీతం మన ఓరుగల్లు సొమ్మేగా?" అంది. ఖజానా శాస్త్రం ప్రకారం దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ నిమిషం నుంచి మొరాకో రాజ్యం మా వదినకు బాకీ పడింది. మావారు నవ్వుతూ గైడుకు అనువదిస్తే, అతను గుండెల మీద చెయ్యి వేసుకుని "టీ రూపంలో తీర్చుకుంటాం" అన్నాడు. ఆ మాటను మేం తేలిగ్గా తీసుకున్నాం.

మెర్జూగా చేరగానే ఎర్గ్ షెబ్బీ ఇసుకతిన్నెలు ఎదురవుతాయి. ఇరవై కిలోమీటర్లకు పైబడిన పొడవు, ఎత్తయిన చోట 150 మీటర్లు. అవి ఎలా పుట్టాయో అక్కడివాళ్ళు చెప్పే కథ ఒకటుంది. ఒక పండగనాడు అలిసిపోయి వచ్చిన పేద తల్లికీ బిడ్డకూ ఊళ్ళోని ధనిక కుటుంబం ఆశ్రయమివ్వకుండా పొమ్మందట. దేవుడికి కోపమొచ్చి ఆ ఇంటిని ఇసుకతో కప్పేశాడట. అతిథికి అన్నం పెట్టనందుకు 150 మీటర్ల శిక్ష! ఈ చట్టం మన నగరాల్లో అమల్లోకి వస్తే ఒక్క అపార్ట్‌మెంటు కూడా పైకి కనిపించదు. అక్కడ మాత్రం కిటికీ తీస్తే చాలు, శిక్ష ఎదురుగానే ఉంటుంది. అందుకే కాబోలు, అతిథిని వదిలిపెట్టరు.

ఒంటె ఎక్కడం సంగతి చెప్పాలి. ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్ళు ముందు లేస్తాయి. ఆ క్షణంలో మీరు దాని మెడ మీదుగా మొరాకో నేలకు సాష్టాంగపడే స్థితిలో ఉంటారు. ఇంతలో ముందుకాళ్ళు లేస్తాయి, మీరు వెనక్కి ఆకాశం కేసి చూస్తారు. ఈ రెండింటి మధ్య మనిషికి తన వీలునామా గుర్తొస్తుంది. తర్వాత నడక. ఒంటె ఒక పక్క రెండు కాళ్ళూ కలిపి వేసి, తర్వాత రెండో పక్క రెండూ వేస్తుంది. అందుకని పైనున్నవాళ్ళు ఎడమకూ కుడికీ ఊగుతూ, మొత్తం ప్రపంచానికి "కాదు కాదు" అని చెబుతూ వెళ్తారు. దాహం వేస్తే పావుగంటలోపు వంద లీటర్ల నీళ్ళు తాగగలదని, ఎండకు తగ్గట్టు ఒంటి వేడిని తనే ఆరు డిగ్రీల దాకా పెంచుకుంటుందని గైడు గర్వంగా చెప్పాడు. "మా తమ్ముడు పదహారులో ఏసీ పెట్టుకుని దుప్పటి కప్పుకుంటాడు నాయనా" అని వదిన మా దేశం తరఫున జవాబిచ్చింది.

ఒంటెల్ని నడిపించే కుర్రాడు నీలం అంగీ, నీలం తలపాగాతో ఫొటోకి సిద్ధంగా ఉన్నాడు. ఆ నీలం వేషం నిజానికి దక్షిణాన మాలి, నైజర్, అల్జీరియా ఎడారుల్లోని తువారెగ్‌లది. వాళ్ళలో ముఖానికి ముసుగు వేసుకునేది మగవాళ్ళు, ఆడవాళ్ళు కాదు. మెర్జూగా చుట్టుపక్కల ఉన్నది ఎక్కువగా అయిత్ అత్తా సమాఖ్యకు చెందిన అయిత్ ఖెబ్బాష్ జనం. 1933లో బూగాఫెర్ కొండల్లో ఫ్రెంచి సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టినది ఈ అయిత్ అత్తాలే. అంతటి వీరుల మనవలు పర్యాటకుడి సంతోషం కోసం పక్క తెగ రంగు వేసుకుంటారు. సాయంత్రం డ్యూటీ దిగగానే జీన్సు ప్యాంటులోకి మారిపోతారు.

ఆ కుర్రాడు మమ్మల్ని చూడగానే "ఇండియా! షారుఖ్ ఖాన్!" అని చేతులు చాచాడు. మొరాకోలో హిందీ సినిమాల మోజు చాలా పాతది. వదినకు చుర్రుమంది. "ఆయన సరే, ఎన్టీ రామారావు తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాడు. ఎడారిలో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉండటంతో ఆ లోటు అప్పటికప్పుడే తీరింది. ఒంటెల వరస ఆగింది. కృష్ణుడి వేషం చూసి అతను అడిగిన మొదటి ప్రశ్న: "ఈయన కూడా నీలంగా ఉన్నాడే, తువారెగా?"

తిన్నెల అవతల మేకవెంట్రుకలతో నేసిన నల్లటి గుడారం ఒకటుంది. అందులో ఒక ముసలావిడ. ఆ గుడారాలు నేసేది ఆడవాళ్ళే. ఇప్పుడు సంచార కుటుంబాలు తగ్గిపోయాయి. కరువులు మందల్ని తినేశాయి. 1994 నుంచి అల్జీరియా సరిహద్దు మూతబడి పాత మేత దారులు తెగిపోయాయి. గాలికి ఇసుక ఇటునుంచి అటు పోతూనే ఉంటుంది, ఒంటెను మాత్రం పోనివ్వరు. పిల్లల చదువుల కోసం చాలామంది రిసానీ, మెర్జూగా ఇళ్ళలో స్థిరపడ్డారు. ఈ అవ్వ మాత్రం ఇక్కడే ఉంది.

టూరు కాగితాల ప్రకారం ఈ గుడారానికి కేటాయించిన సమయం ఇరవై నిమిషాలు. అవ్వ ఆ కాగితాలు చదివినట్టు లేదు. బొగ్గుల కుంపటి మీద కెటిల్ పెట్టింది. చైనా నుంచి వచ్చే ఉండలు కట్టిన పచ్చ టీ ఆకు, పుదీనా, శంకు ఆకారపు పంచదార దిమ్మను బద్దలుకొట్టిన పెద్ద ముక్క. దీన్ని "బెర్బర్ విస్కీ" అంటారని గైడు చెప్పగానే మావారి ముఖం వెలిగింది. పుదీనా వాసన తగలగానే ఆరిపోయింది. మొదటి గ్లాసు పోసి మళ్ళీ కెటిల్లోనే ఒంపేస్తారు. తర్వాత జానెడు, మూరెడు, ఇంకా పైనుంచి ధార కట్టి పోస్తారు. పైన నురగ కట్టాలి. నురగ లేని టీ ఇస్తే అతిథిని చిన్నచూపు చూసినట్టే.

గ్లాసులు మూడు. మొదటిది ఘాటు, రెండోది మధ్యస్తం, మూడోది తీపి. మొదటి గ్లాసుకే మావారు వాచీ చూసుకున్నారు. సూర్యాస్తమయం ఫొటో కార్యక్రమం దాటిపోతోందని గైడుకు సైగ చేశారు. అవ్వ ఏదో అంది. గైడు అనువదించడానికి మొహమాటపడ్డాడు. గట్టిగా అడిగితే, "సూర్యుడు రేపు కూడా వస్తాడంటోంది" అన్నాడు. మావారు వాచీని చొక్కా చేతికింద దాచేశారు.

ఈలోగా వదిన, అవ్వ ఏ భాషా లేకుండా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పిల్లలెందరు, ఎంతెంత ఎత్తున్నారు, పెళ్ళిళ్ళయ్యాయా అన్నవి చేతులతోనే తేలిపోయాయి. అవ్వ గడ్డం మీద నీలంగా పచ్చబొట్టు గీత ఉంది. వెనకటి తరం అమాజిగ్ స్త్రీలకు అది అలంకారం, ఇప్పటి అమ్మాయిలు వేయించుకోరు. వదిన చీర పమిట జరిపి ముంజేతి మీద చిన్నప్పుడు జాతరలో పొడిపించుకున్న పచ్చబొట్టు చూపించింది. ఇద్దరూ ఎంత ఏడ్చారో నటించి చూపించుకుని నవ్వుకున్నారు. తర్వాత అవ్వ వదిన మంగళసూత్రాన్ని అరచేతిలో పెట్టుకుని తూకం వేసింది. వదిన అవ్వ పైవస్త్రాన్ని బిగించే వెండి పిన్ను పట్టుకుని తూకం వేసింది. అమాజిగ్ నగలంటే వెండే, మనకేమో బంగారమే. ఎవరి లోహం గొప్పదన్న చర్చ రెండో గ్లాసు మొత్తం నడిచింది. మూడో గ్లాసు వచ్చేసరికి నాకొకటి అర్థమైంది. మేం ఆవిడను చూడటానికి వచ్చామనుకుంటున్నాం. ఆవిడ మటుకు తీరిగ్గా కూర్చుని మమ్మల్ని చూస్తోంది. ఈ కళలో ఆవిడ అనుభవం ముందు మేం అప్రెంటిసులం.

రాత్రి శిబిరంలో భోజనం. ఆ రోజు శనివారం. ఎడారిలో దారి తప్పినా వదినకు వారం తప్పదు. అందుకని మా కోసం ఒట్టి కూరగాయలతో కుస్కుస్ వండారు. గోధుమరవ్వను తడిపి, చేత్తో పొడిపొడిగా నలిచి, ఉడుకుతున్న కూర పైన జల్లెడ గిన్నెలో ఆవిరికి పెడతారు. మళ్ళీ దించి చిదిమి, మళ్ళీ పెడతారు. వదిన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్మాయే, కాకపోతే బాగా చదువుకున్న ఉప్మా" అంది. నిజమే, దాని బయోడేటా పెద్దది. 2020లో మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, మారిటేనియా కలిసి అర్జీ పెట్టి కుస్కుస్‌ను యునెస్కో జాబితాలో చేర్పించాయి. సరిహద్దు మూసుకుని కూర్చున్న రెండు దేశాలు ఒక్క గిన్నె దగ్గర మాత్రం సంతకం పెట్టాయి. మన ఉప్మా కోసం మనింట్లో ఇద్దరు కలిసి అర్జీ పెట్టరు.

భోజనమయ్యాక మంట చుట్టూ డప్పులు. దగ్గరి ఖమ్లియా గ్రామంలో గ్నావా జనం ఉన్నారు. సహారా దక్షిణాన్నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి. ఇనుప తాళాలు, పెద్ద డప్పులతో వాళ్ళ పాట గంటలకొద్దీ సాగుతుంది. గ్నావా సంగీతం 2019లో యునెస్కో జాబితాకెక్కింది. పుట్టుకలో ఉన్న దుఃఖం తెలిశాక ఆ దరువు మరోలా వినిపిస్తుంది. ఆ తర్వాత "ఇప్పుడు మీ దేశం వంతు" అన్నారు. జర్మనీ దంపతులు మర్యాదగా చప్పట్లు కొట్టారు. స్పెయిన్ అమ్మాయిలు గంతులేశారు. వదిన లేచి చెక్క గరిటెలు తెప్పించి, నాలుగు ఖండాల మనుషుల్ని వలయంగా నిలబెట్టి కోలాటం నేర్పింది. ఒక ఫ్రెంచి ఆయన వేలికి దెబ్బ తగిలింది. ఆయన దాన్ని బెర్బర్ సంప్రదాయమనుకుని ఆనందంగా భరించాడు.

అందరూ పడుకున్నాక ఒంటెల కుర్రాడితో కాసేపు కూర్చున్నాను. ఫ్రెంచి, స్పానిష్, ఇంగ్లీషు, కాస్త జపనీస్ అతనికి వచ్చు. అన్నీ పర్యాటకుల దగ్గరే నేర్చుకున్నాడు. "మా ఆచారాలు మీకెలా ఉన్నాయి?" అని మర్యాదకు అడిగాడు. మరి మా ఆచారాలు నీకెలా ఉన్నాయని అడిగాను. అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. నిశ్శబ్దం వినాలని తిన్నె ఎక్కుతారు, ఎక్కాక ఆపకుండా మాట్లాడతారు. నక్షత్రాలు చూడాలంటారు, టార్చిలైటు ఆర్పరు. తెల్లవారుజామున లేచి సూర్యుడికి వీపుపెట్టి నిలబడి తమ ఫొటో తీసుకుంటారు. చెప్పులు విప్పి ఇసుకలో నడిచి, కాళ్ళకు ఇసుక అంటిందని ఫిర్యాదు చేస్తారు. "మీరు మంచివాళ్ళే, కానీ మీకు కూర్చోవడం రాదు" అని ముగించాడు. మా జాతి మీద ఇంత క్లుప్తమైన పరిశోధన నేనెక్కడా చదవలేదు.

మర్నాడు ఒంటె దిగాక మావారి మోకాళ్ళు పట్టేశాయి. వేసవిలో అయితే మెర్జూగాలో దీనికి వైద్యం ఉందట. కీళ్ళనొప్పులవాళ్ళను మెడదాకా వేడి ఇసుకలో పూడ్చి, కాసేపయ్యాక తీసి దుప్పట్లు చుట్టి టీ తాగిస్తారు. దీనికోసం మొరాకో నలుమూలల నుంచీ జనం వస్తారు. మేం వెళ్ళింది చలికాలం కావడంతో ఆ అవకాశం తప్పిపోయింది. తమ్ముణ్ణి పూడ్చే సీజన్‌లో రాలేకపోయానని వదిన దారంతా బాధపడింది.

ఇక తివాచీల దుకాణం. నేసేది ఆడవాళ్ళు, అమ్మేది మగవాళ్ళు, ధర తగ్గించమంటే గుండె పట్టుకునేదీ మగవాళ్ళే. ఇక్కడా టీ వచ్చింది. అడిగినా అడక్కపోయినా వస్తుంది. దుకాణదారు ధర చెప్పాడు. వదిన అందులో పావు వంతు చెప్పింది. అతను తన పిల్లల సంఖ్య చెప్పాడు. వదిన ఓరుగల్లు బాకీ ఎత్తింది. గైడు వివరంగా అనువదించాడు. దుకాణదారు ఇబ్న్ బతూతా పేరు విని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "ఆయన మా టాంజియర్ మనిషి, ఆయన బాకీ మేం కాదనం" అని సగానికి దిగాడు. కాకతీయుల ఖజానాకు ఇన్నాళ్ళకు కొంత వసూలైంది. రసీదు ప్రస్తుతం బందరులో మా వదిన హాల్లో పరిచి ఉంది.

మీరు వెళ్ళదలుచుకుంటే అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్ళండి. పగటి ఎండ చూసి మోసపోకుండా స్వెట్టరు పట్టుకెళ్ళండి, చలికాలం రాత్రుళ్ళు ఎముకలు కొరుకుతాయి. మనుషుల్ని అడక్కుండా ఫొటోలు తియ్యకండి. బేరమాడండి గానీ, నవ్వుతూ ఆడండి. అన్నిటికీ మించి, కార్యక్రమం లేని పూట ఒకటి తప్పనిసరిగా మిగుల్చుకోండి. ఆ పూట ఏ గుడారంలోనో, ఏ పెరట్లోనో ఎవరైనా కెటిల్ పెడితే మూడో గ్లాసు అయ్యేదాకా కదలకండి. అక్కడ అతిథికి ఉన్న ఉద్యోగం అదొక్కటే. మీరు చూసింది చాలు, కాసేపు వాళ్ళను కూడా మిమ్మల్ని చూడనివ్వండి.